టేపర్, డ్విండిల్, వేన్, ఎబ్: ‘తగ్గడం’ చెప్పే ఇంగ్లిష్ క్రియలపై తరచుగా అడిగే ప్రశ్నలు

ఇంగ్లిష్ ధారాళంగా మాట్లాడేవాళ్లు కూడా తగ్గడం గురించి చెప్పాల్సి వచ్చేసరికి డిక్రీజ్, రెడ్యూస్ అనే రెండు మాటలతోనే నెట్టుకొస్తుంటారు. అనువాదాలు చేసేవాళ్లు, పరీక్షలకు చదివేవాళ్లు, ఆఫీసు రిపోర్టులు రాసేవాళ్లు ఈ క్రియల మీద అడిగే ప్రశ్నలు ఇక్కడ ఒకచోట చేర్చాం. ఇంగ్లిష్ మాటలన్నీ తెలుగు లిపిలోనే ఉంటాయి.

డిక్రీజ్ ఉండగా ఇన్ని క్రియలు ఎందుకు?

అంకెల వరకు డిక్రీజ్ చాలు. అంకె కానిది తగ్గుతున్నప్పుడే చిక్కు. ఇంగ్లిష్‌లో ఏది తగ్గుతోందో దాన్నిబట్టి క్రియ మారుతుంది. ఇది మనకు కొత్తేమీ కాదు. వాన తెరిపి ఇస్తుంది, గొడవ సద్దుమణుగుతుంది, నీళ్లు అడుగంటుతాయి, దీపం కొడిగడుతుంది, ఆశ సన్నగిల్లుతుంది, కోపం చల్లారుతుంది, మత్తు దిగుతుంది. ‘ఆశ తెరిపి ఇచ్చింది’ అంటే ఎంత ఎబ్బెట్టుగా ఉంటుందో, ఇంగ్లిష్ వాళ్ల చెవికి ‘ద స్టార్మ్ డ్విండిల్డ్’ దాదాపు అలాగే వినిపిస్తుంది.

కాబట్టి ఇంగ్లిష్ మాట వెతికే ముందు ‘తగ్గు’ని పక్కన పెట్టి, ఆ సందర్భంలో తెలుగులో ఇంకే క్రియ వాడతామో చూడండి. సద్దుమణగడం అయితే సబ్‌సైడ్ లేదా డై డౌన్, తెరిపి ఇవ్వడం అయితే లెట్ అప్, సన్నగిల్లడం అయితే వేన్ లేదా డ్విండిల్, మత్తు దిగడం అయితే వేర్ ఆఫ్. అన్నిచోట్లా అతకదు గానీ, నిఘంటువులో పర్యాయపదాల వరస చూసి ఒకటి లాక్కోవడం కంటే ఇది నయం.

‘ద రెయిన్ రెడ్యూస్డ్’ అంటే తప్పేంటి?

తెలుగులో తగ్గు వేరు, తగ్గించు వేరు. రెడ్యూస్ ప్రధానంగా ‘తగ్గించు’. తగ్గించేవాళ్లు ఎవరో ఉండాలి. వానను ఎవరూ తగ్గించరు, అదే తగ్గుతుంది. అందుకే ‘ద రెయిన్ హాజ్ ఈజ్డ్ ఆఫ్’ అనో, ‘లెట్ అప్’ అనో అంటారు. మనలో చాలామంది దీన్ని ‘గాట్ రెడ్యూస్డ్’ అని సరిదిద్దబోతారు. దాంతో వానను ఎవరో పనిగట్టుకుని తగ్గించినట్టు మరింత గట్టిగా చెప్పినట్టవుతుంది.

జ్వరం సంగతి ఇంకాస్త జాగ్రత్తగా చూడాలి. ‘జ్వరం తగ్గింది’ అని మనం అంటే చాలాసార్లు పూర్తిగా పోయిందనే అర్థం. అదే మాట ‘మై ఫీవర్ రెడ్యూస్డ్’ అని తెలుగు రాని డాక్టరుకు చెబితే, 103 నుంచి 100కి వచ్చిందేమో, ఇంకా ఉందేమో అనుకుంటారు. పూర్తిగా పోతే ‘ఇట్ ఈజ్ గాన్’, కొంత దిగితే ‘ఇట్ హాజ్ కమ్ డౌన్’. బరువు తగ్గితే ‘ఐ హావ్ లాస్ట్ వెయిట్’. సౌండ్ తగ్గించమని చెప్పాలంటే ‘టర్న్ ఇట్ డౌన్’. వీటిలో దేనికీ రెడ్యూస్‌తో పని లేదు.

స్థూలంగా చెప్పాలంటే, వాటంతట అవే జరిగేవి: డ్విండిల్, వేన్, ఎబ్, సబ్‌సైడ్, రిసీడ్, పీటర్ అవుట్. ‘వియ్ డ్విండిల్డ్ అవర్ ఎక్స్‌పెన్సెస్’ అనకూడదు, ‘వర్ డ్విండిల్డ్’ అని కర్మణిలోనూ పెట్టకూడదు. ఎవరో చేయాల్సినవి: రెడ్యూస్, కర్టెయిల్ (కోత పెట్టడం), విటిల్ డౌన్, పేర్ డౌన్, ఎలీవియేట్ (బాధను తేలిక చేయడం), మిటిగేట్ (తీవ్రత తగ్గించడం). రెండు వైపులా నడిచేవి: డిక్రీజ్, డిమినిష్, ష్రింక్, నేరో, ఈజ్, టేపర్.

టేపర్ అంటే సన్నబడటమా, తగ్గడమా?

మొదట సన్నబడటం, తర్వాత తగ్గడం. పాత ఇంగ్లిష్‌లో టేపర్ అంటే మైనపు కొవ్వొత్తి. సన్నగా, పొడవుగా ఉండే కొవ్వొత్తిని ఇప్పటికీ ఆ పేరుతో పిలుస్తారు. కొస వైపుకు సన్నబడే ఆ ఆకారం నుంచే క్రియ పుట్టింది. ఒక చివర వెడల్పు, రెండో చివర సన్నం, మధ్యలో ఎక్కడా మెట్టు ఉండకూడదు. కత్తి మొన, ఏనుగు దంతం, చీలమండ దగ్గర బిగుతుగా ఉండే ప్యాంటు, అన్నీ టేపర్ అయ్యేవే. మన ‘కోసుదేలడం’ దీనికి బాగా దగ్గర.

ఆకారం నుంచి పరిమాణానికి వచ్చినప్పుడు కూడా ‘మెట్టు లేకుండా’ అన్న భావం వదలదు. దీర్ఘకాలం స్టెరాయిడ్ మాత్రలు వాడినవాళ్లకు డాక్టర్లు డోసు టేపర్ చేస్తారు. బయటి నుంచి స్టెరాయిడ్ అందుతున్నన్నాళ్లూ అడ్రినల్ గ్రంథులు తమ వంతు కార్టిసాల్ (శరీరం సొంతంగా చేసుకునే స్టెరాయిడ్) తయారీ తగ్గించేసుకుంటాయి. మందు ఒక్కసారిగా ఆపేస్తే అవి వెంటనే అందుకోలేవు, ప్రాణం మీదికి రావచ్చు. ఇక్కడ టేపర్‌కు బదులు ‘స్టాప్’ అని అనువదిస్తే భాషా దోషంతో పోదు. పెద్ద పోటీకి ముందు మారథాన్ పరుగు వీరులు కూడా సాధన దూరాన్ని క్రమంగా తగ్గించుకుంటూ వస్తారు. దాన్నీ టేపర్ అనే అంటారు.

ఆర్థిక వార్తల్లో ఈ మాట మోగిపోయింది 2013లో. అమెరికా కేంద్ర బ్యాంకు ఫెడరల్ రిజర్వ్ అప్పట్లో నెలకు 8,500 కోట్ల డాలర్ల బాండ్లు కొంటోంది. ఆ జోరు తగ్గించవచ్చని ఛైర్మన్ బెన్ బెర్నాంకీ మే నెలలో అక్కడి కాంగ్రెస్ ముందు అన్నారు. బాండ్ల రాబడులు ఎగిశాయి, వర్ధమాన దేశాల కరెన్సీలు పడ్డాయి. ఆ కలకలానికి ‘టేపర్ టాంట్రమ్’ అని పేరు పడింది. తగ్గింపు నిర్ణయం డిసెంబరులో వచ్చింది, కొనుగోళ్లు నెలకు 7,500 కోట్లకు దిగాయి, 2014 అక్టోబరులో ఆగాయి. అనువాదంలో చాలామంది జారిపడేది ఇక్కడే. టేపర్ అయ్యింది నెలనెలా కొనే మొత్తం. ఫెడ్ దగ్గరున్న బాండ్ల నిల్వ కాదు, అది అప్పటికీ పెరుగుతూనే ఉంది. ‘ఫెడ్ బాండ్లు అమ్మేస్తోంది’ అని రాస్తే కథ తలకిందులవుతుంది.

ఆకారానికి ఒట్టి టేపర్ చాలు. పని, రద్దీ, అమ్మకాల లాంటివాటికి టేపర్ ఆఫ్ నప్పుతుంది. డోసుకు రెండూ వాడతారు.

డ్విండిల్, డిమినిష్, డిక్లైన్ ఒకటేనా?

కాదు. డ్విండిల్‌లో ఒక దిగులు ఉంది. ఉన్నది కొంచెం కొంచెంగా తరిగి, చివరికి ఏమీ మిగలదేమో అన్న భయం. దాచుకున్న డబ్బు, అడవిలో పులులు, సభకు వచ్చే జనం, ట్యాంకులో ఇంధనం డ్విండిల్ అవుతాయి. లెక్కపెట్టగలిగేవి, లేదా కుప్పగా ఉండి కరిగిపోయేవి దీనికి నప్పుతాయి. ఉష్ణోగ్రత డ్విండిల్ కాదు. అప్పులు డ్విండిల్ అవుతున్నాయన్నా వినడానికి అదోలా ఉంటుంది. అప్పు తరిగితే దిగులెందుకు?

డిమినిష్ కాస్త పెద్దమనిషి తరహా మాట. విలువ, ప్రాధాన్యం, అధికారం లాంటి కంటికి కనిపించని వాటికి ఎక్కువగా వాడతారు. ‘డిమినిషింగ్ రిటర్న్స్’ అన్న అర్థశాస్త్ర పదబంధాన్ని మాత్రం చాలామంది తప్పుగా పట్టుకుంటారు. పొలానికి వేసే ఎరువు పెంచుకుంటూ పోతే, వేసిన ప్రతి అదనపు బస్తాకూ వచ్చే అదనపు దిగుబడి ముందటి బస్తాకు వచ్చినంత ఉండదు. మొత్తం దిగుబడి మాత్రం ఇంకా పెరుగుతూనే ఉండవచ్చు. తగ్గుతున్నది పెరుగుదల, పంట కాదు.

డిక్లైన్ సర్వోపయోగి. సంఖ్యకూ నాణ్యతకూ ఆరోగ్యానికీ అన్నిటికీ చెల్లుతుంది. మర్యాదగా ‘వద్దు’ అనడానికి కూడా ఇదే క్రియ వాడతారని గుర్తుంటే చాలు.

వేన్, ఎబ్ కవిత్వంలోనే వాడాలా?

అక్కర్లేదు, వార్తల్లోనూ సైన్సు వ్యాసాల్లోనూ రోజూ కనిపిస్తాయి. వేన్ చంద్రుడి సొత్తు. పున్నమి నుంచి అమావాస్య దాకా, అంటే మన కృష్ణపక్షమంతా, చంద్రుడు వేన్ అవుతాడు. శుక్లపక్షంలో వ్యాక్స్ అవుతాడు. మొత్తం చుట్టు సుమారు 29.5 రోజులు. ఈ నేపథ్యం వల్ల, ఒకప్పుడు నిండుగా వెలిగినదేదో ఇప్పుడు తరుగుతోందన్న ఛాయ మాటలో ఉంటుంది. పలుకుబడి, ఆదరణ, ఉత్సాహం, సామ్రాజ్యాలు వేన్ అవుతాయి. టీకా వల్ల వచ్చిన రక్షణ నెలలు గడిచేకొద్దీ తగ్గడాన్ని ‘వేనింగ్ ఇమ్యూనిటీ’ అంటారు. బూస్టర్ డోసులు వేసేది అందుకే.

ఎబ్ సముద్రానిది. అది ఆటు. ఎబ్ అండ్ ఫ్లో అంటే సరిగ్గా ఆటూ పోటూ, వరస కూడా అదే. అయినా కళ్లు మూసుకుని అనువదించకండి. ‘జీవితంలో ఎన్నో ఆటుపోట్లు చూశాడు’ అంటే మనకు కష్టనష్టాలు. ఇంగ్లిష్‌లో ఎబ్ అండ్ ఫ్లో అంటే వస్తూ పోతూ ఉండే సహజమైన లయ. మాటల ఎబ్ అండ్ ఫ్లో, జనసందోహపు ఎబ్ అండ్ ఫ్లో అంటారు. అందులో కష్టం ప్రసక్తి ఉండదు. మన ఆటుపోట్లకు ‘అప్స్ అండ్ డౌన్స్’ దగ్గర.

ఎబ్ అయినది మళ్లీ రావచ్చు. బలం, ధైర్యం, కోపం ఎబ్ అవుతాయి. ప్రాణం మెల్లగా పోతోందనడానికి ‘ఎబ్ అవే’ అంటారు, అక్కడ మాత్రం తిరిగి రావడం లేదు.

వరద, తుపాను, నొప్పి, చప్పుడు: వీటికి ఏది వాడాలి?

అబేట్ తీవ్రత తగ్గడం. తుపాను, నొప్పి, గాలి, హింస అబేట్ అవుతాయి. కొంచెం గ్రాంథికమైన మాట. రోజువారీ వాడుకలో దీనికన్నా దీని వ్యతిరేకపదమే ఎక్కువగా కనిపిస్తుంది. ‘అన్‌అబేటెడ్’ అంటే ఏమాత్రం తగ్గకుండా, అదే జోరుతో. చట్టభాషలో అబేట్‌ను ‘తొలగించు, అరికట్టు’ అనే అర్థంలో కర్మతో కలిపి వాడతారు.

సబ్‌సైడ్ పైకి లేచినది కిందికి సర్దుకోవడం. వాపు, నవ్వులు, కలకలం, వరద నీరు. నేల కుంగడం కూడా ఇదే. భూగర్భ జలాలను విపరీతంగా తోడేయడంతో మెక్సికో సిటీ కుంగుతూ వస్తోంది, దాన్ని సబ్‌సైడెన్స్ అంటారు. సబ్సిడీ ఇవ్వడం సబ్‌సిడైజ్. అదో వేరే క్రియ.

రిసీడ్ వెనక్కి జరగడం. వరద నీటికి సబ్‌సైడ్, రిసీడ్ రెండూ వాడతారు. మట్టం దిగిందని చెప్పాలంటే మొదటిది, మునిగిన వీధుల్లోంచి వెనక్కి పోయిందని చెప్పాలంటే రెండోది. నుదురు మీద జుట్టు, పళ్ల మీద చిగుళ్లు, ఓడ మీంచి చూస్తుంటే దూరమయ్యే తీరం, అన్నీ రిసీడ్ అవుతాయి.

గాలి, మంట, గగ్గోలు: డై డౌన్. వానకు లెట్ అప్, అదీ ఎక్కువగా ‘ఆగడం లేదు’ అన్న వ్యతిరేకార్థంలో.

ఫేజ్ అవుట్, ఫేజ్ డౌన్ మధ్య అంత తేడా ఉందా?

ఒక ప్రపంచ ఒప్పందం చివరి గంటల్లో ఆ తేడా మీదే వేలాడింది. 2021 నవంబరులో గ్లాస్గోలో జరిగిన కాప్-26 వాతావరణ సదస్సులో ముసాయిదా బొగ్గు విద్యుత్తును ‘ఫేజ్ అవుట్’ చేయాలంది. అన్ని దేశాలూ కూర్చున్న చివరి సమావేశంలో భారత్ పట్టుబట్టడంతో అది ‘ఫేజ్ డౌన్’ అయ్యింది. సదస్సు అధ్యక్షుడు అలోక్ శర్మ ప్రతినిధులకు క్షమాపణ చెబుతూ కంటతడి పెట్టారు. అవుట్ అంటే విడతలవారీగా తగ్గించి సున్నా చేయడం. డౌన్ అంటే విడతలవారీగా తగ్గించడం, సున్నా దాకా పోతుందన్న హామీ అందులో లేదు.

అదే వాక్యంలో బొగ్గు ముందు ‘అన్‌అబేటెడ్’ కూడా ఉంది. పైన చెప్పిన ‘అదే జోరుతో’ అన్న అర్థం ఇక్కడ పనికిరాదు. కార్బన్ డయాక్సైడ్‌ను పట్టి నిల్వ చేసే ఏర్పాటు లేకుండా మండించే బొగ్గు అని దాని అర్థం. అంటే ఆ వాక్యంలో తగ్గింపు మీద రెండు షరతులు ఉన్నాయి. ‘బొగ్గు వాడకానికి స్వస్తి’ అని శీర్షిక పెట్టినవాళ్లు ఆ రెండింటినీ ఒకేసారి దాటేశారు.

ఓజోన్ పొరను కాపాడటానికి 1987లో కుదిరిన మాంట్రియల్ ప్రొటోకాల్‌లోనూ ఈ తేడా కనిపిస్తుంది. దాని కింద ఓజోన్‌ను దెబ్బతీసే సీఎఫ్‌సీ వాయువులను ఫేజ్ అవుట్ చేశారు. 2016లో చేరిన కిగాలీ సవరణ, వాటి బదులు వచ్చిన హెచ్‌ఎఫ్‌సీ వాయువులను ఫేజ్ డౌన్ చేయమంది.

డై డౌన్, డై అవే, డై అవుట్, డై ఆఫ్. ఈ తోకల్ని ఎలా గుర్తుపెట్టుకోవాలి?

డౌన్ మట్టం దిగడం, అవే దూరమైపోవడం, అవుట్ పూర్తిగా లేకుండా పోవడం, ఆఫ్ ఒక్కొక్కటిగా రాలిపోవడం లేదా పట్టు వదలడం. మంట డై డౌన్ అయితే నిప్పు ఇంకా ఉంది. అడుగుల చప్పుడు డై అవే అవుతుంది. ఒక జాతి డై అవుట్ అయితే ఇక లేదు. గుంపులో జంతువులు వరసగా చనిపోతుంటే డై ఆఫ్. వేర్ కూడా అంతే: మత్తుమందు ప్రభావం వేర్ ఆఫ్, చెప్పులు వేర్ అవుట్, మనిషి పట్టుదల వేర్ డౌన్.

పీటర్ అవుట్‌కు ఏ పీటర్‌తోనూ సంబంధం ఉన్న దాఖలా లేదు. పందొమ్మిదో శతాబ్దపు మధ్యకాలంలో అమెరికా గనుల్లో వినిపించిన మాట. ఖనిజపు చార తవ్వేకొద్దీ సన్నబడి మాయమైపోవడం. ఇప్పుడు దారులు, సంభాషణలు, ఉద్యమాలు అలా పీటర్ అవుట్ అవుతాయి. ఫిజిల్ అవుట్ దానికన్నా చులకన. ఆర్భాటంగా మొదలై తుస్సుమనడం. ట్రెయిల్ ఆఫ్ గొంతుకు. వాక్యం పూర్తి కాకుండానే మాట సన్నగిల్లి ఆగిపోతే, కథల్లో దాన్నే మూడు చుక్కలతో చూపిస్తాం. టెయిల్ ఆఫ్ అమ్మకాలకు, రద్దీకి.

ఎంపికలు కుదించడానికి, దారి ఇరుకవ్వడానికి ఒకే నేరో వాడొచ్చా?

వాడొచ్చు, డౌన్ దగ్గర జాగ్రత్త. జాబితా కుదిస్తే ‘నేరో డౌన్’. రెండింటి మధ్య తేడా తగ్గిస్తే ‘నేరో ద గ్యాప్’, డౌన్ వద్దు. దారికీ వద్దు. జాబితాను కొంచెం కొంచెంగా తెగ్గొట్టుకుంటూ వస్తే విటిల్ డౌన్, కత్తితో కర్ర చెక్కినట్టు. అనవసరమైనది ఒలిచేస్తే పేర్ డౌన్, ఖర్చులకు బాగా నప్పుతుంది.

చుట్టూ నొక్కి ఇరుకు చేస్తే కన్‌స్ట్రిక్ట్. రక్తనాళాలు, వెలుతురు పడిన కంటిపాప అలా చిన్నవవుతాయి. రెండు గీతలు దగ్గరై కలుసుకుంటే కన్వర్జ్. ఇక అటెన్యుయేట్ అంటే బలహీనపడటం, బలహీనపరచడం. ఆప్టికల్ ఫైబర్‌లో 1550 నానోమీటర్ల కాంతి కిలోమీటరుకు సుమారు 0.2 డెసిబెల్ అటెన్యుయేట్ అవుతుంది. తట్టు టీకాలో ఉండేది అటెన్యుయేటెడ్ వైరస్, బతికే ఉంటుంది గానీ జబ్బు చేయించే శక్తి బాగా తగ్గినది.

‘బై’ పెట్టాలా, ‘టు’ పెట్టాలా?

మన ‘కి’ ఉన్నచోట టు, ‘మేర’ అనగలిగితే బై. 50 నుంచి 30కి తగ్గితే ‘టు 30’, ‘బై 20’. నామవాచకం వెనక ‘ఇన్’ వస్తుంది: ‘ఎ డిక్రీజ్ ఇన్ సేల్స్’. ‘డిక్రీజ్ ఆఫ్ సేల్స్’ కాదు. ఎంత అన్నది చెప్పేటప్పుడు మాత్రం ‘ఎ డిక్రీజ్ ఆఫ్ 20’.

శాతాల దగ్గర అసలు పరీక్ష. వడ్డీ రేటు 10 శాతం నుంచి 8 శాతానికి వస్తే, తగ్గింది 2 పర్సెంటేజ్ పాయింట్లు, లేదా 20 పర్సెంట్. ‘ఫెల్ బై 2 పర్సెంట్’ అంటే 9.8 అయ్యిందన్నమాట.

ఐఈఎల్‌టీఎస్ గ్రాఫులు వివరించేటప్పుడు వీటిని వాడితే మార్కులు పెరుగుతాయా?

సరైనచోట వాడితేనే. అకడమిక్ పరీక్ష మొదటి రాత ప్రశ్నకు కనీసం 150 పదాలు కావాలి. అందులో రంగుల మాటలు కుక్కడం కంటే డిక్రీజ్, ఫాల్, డిక్లైన్‌లకు స్టెడిలీ, గ్రాడ్యువల్లీ, స్లైట్లీ, షార్ప్లీ జోడించడమే మేలు. ప్లమెట్, ప్లంజ్ నిటారుగా పడిపోవడానికి. మెల్లగా దిగే గీతకు వాటిని పెట్టి, పక్కన గ్రాడ్యువల్లీ తగిలించకండి. లెవెల్ ఆఫ్ అంటే తగ్గడం కాదు, దిగినా ఎక్కినా గీత చదును కావడం. వేన్, ఎబ్ అంకెల గ్రాఫులో నప్పవు.

వీటిని ఎలా పలకాలి?

సబ్‌సైడ్‌లో ఒత్తు ‘సైడ్’ మీద. డిక్రీజ్ క్రియ అయితే ఒత్తు సాధారణంగా ‘క్రీజ్’ మీద, నామవాచకమైతే ‘డి’ మీద, చివరి ధ్వని రెండింటిలోనూ ‘స’కారమే. మెల్లగా ముగించడం అనే వైండ్ డౌన్‌ను గాలి విండ్‌లా పలకకూడదు. ‘తగ్గు’ అనే లెసన్ క్రియ, పాఠమనే లెసన్ వినడానికి ఒకటే, స్పెల్లింగ్ వేరు. వేన్, వెయిన్ మన నోట ఒక్కలాగే వస్తాయి. చంద్రుడికి పెదవులు గుండ్రంగా చుట్టాలి, రక్తనాళానికి పై పళ్లు కింది పెదవిని తాకాలి. వీన్ అన్నది వేరే క్రియ. పాలు మాన్పించడం, అలవాటు నుంచి మెల్లగా తప్పించడం దాని అర్థం. రోగిని వెంటిలేటర్ నుంచి వీన్ చేస్తారు, వేన్ చేయరు.